తుడిస్తే పోని మసి

ఆ చలికాలం బోర్ కొండ పిల్లల ఆసుపత్రిలో మంచాలు చాలక నడవాలో కూడా పరుపులు పరిచారు. ఒక్కో పరుపు మీద ఇద్దరు పిల్లలు, కొన్నిటి మీద ముగ్గురు. తల్లులు గోడ వెంట నేలమీదే కూర్చున్నారు. ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు. మాటలకు బదులు దగ్గులే వినిపిస్తున్నాయి. ఒక మూల ఆగితే ఇంకో మూల అందుకుంటోంది.

ఖండా కూతుర్ని ఒడిలో నిటారుగా పట్టుకుని కూర్చుంది. వెల్లకిలా పడుకోబెడితే పిల్లకి ఊపిరి అందడం లేదు. నాలుగేళ్ల పిల్ల. పేరు ఎనెబిష్, అంటే 'ఇది కాదు' అని. అంతకుముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని అత్తగారు పగ్మా అవ్వ దీనికి ఆ పేరు పెట్టింది. దయ్యమేదైనా గుమ్మంలోకి వచ్చి మీ పిల్ల ఇదేనా అని అడిగితే, ఇది కాదు పొమ్మని సాగనంపడానికి. ఉలాన్‌బాతర్ నగరపు కొండవాలుల్లో ఇలాంటి పేర్ల పిల్లలు గంపెడుమంది ఉన్నారు. ఎన్ని గుమ్మాల్లో ఎంత ఏడుపు జరిగిందో ఆ పేర్లు వింటే చాలు.

డాక్టర్ చిమ్గే ఎనెబిష్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం అంటించడానికి వచ్చింది. పిల్ల ముక్కు మీద నల్లటి మసిగీత ఉంది. చీకట్లో పసిపిల్లని బయటికి తీస్తే అలా రాస్తారు. దయ్యం చూసి, ఇది మనిషి పిల్ల కాదు కుందేలు అనుకుని వదిలేస్తుందని. తెల్లవారాక బయల్దేరినా ఆ వాలు మీద పొగ చీకటే కాబట్టి పగ్మా అవ్వ రాసింది. మసి మీద పట్టీ అంటుకోదు. చిమ్గే తడి దూదితో తుడిచింది. పోలేదు. సబ్బు నీళ్లతో తుడిచింది. గీత కాస్తా బుగ్గల మీదికి పాకింది తప్ప పోలేదు. చివరికి స్పిరిట్ పెట్టి రుద్దితే పిల్ల ఏడవడానికి నోరు తెరిచింది గాని గొంతు రాలేదు.

చిమ్గే లేచి పక్క పరుపు దగ్గరికి వెళ్లింది. ఆ పిల్లాడి ముక్కు మీదా మసే. వాడు సంతవైపు పిల్లాడు. తడి దూదికే పోయింది. తర్వాతి పరుపు, మళ్లీ పోలేదు. అలా నడవా చివరిదాకా వెళ్లి వచ్చింది.

"తుడిస్తే పోని పిల్లల తల్లులు చెయ్యెత్తండి. మీరంతా ఎక్కడోళ్లు?" అంది.

"బోర్ కొండ వాలు." "బాలవాడి కింద." "బాయిలర్ వెనకాల." తలా ఒక మూల నుంచి చెప్పారు. ఎటు తిప్పి చెప్పినా అది ఒక్క చోటే. ఈ ఆసుపత్రికీ బడికీ బాలవాడికీ వేడినీళ్లు పంపే బాయిలర్ షెడ్డు, దాని పొగగొట్టం కింది పల్లం.

"నేనిక్కడికి వచ్చినకాడ్నించి చూస్తున్నా," అంది చిమ్గే. ఆమె గొంతు అలిసిపోయి ఉంది. "ముందు దగ్గు. తర్వాత గొంతులో పిల్లికూతలు. తర్వాత పక్కటెముకలు లోపలికి పీక్కుపోవడం. నయమైందని పంపిస్తాను, మంచు కరక్కుండానే మళ్లీ నా దగ్గరే ఉంటారు. ప్రతి ఏడూ ఇదే వరస. ఇవే మొహాలు. పైవాళ్లకి చెప్పాను. చలికాలం పిల్లలకి దగ్గు రాక ఏమొస్తుందన్నారు. కానీ ఇది బొగ్గు మసి కాదమ్మా. బొగ్గు మసికి జిడ్డుండదు."

"నేను పొయ్యి దాకా పోలేదు తల్లీ," అంది ఖండా పక్కనే కూర్చున్న పగ్మా అవ్వ ఉన్నట్టుండి. "గుడారం తలుపు మీద వేలు రాశా. కావలసినంత వచ్చింది."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి అవ్వలూ అదే చేశారు. పొయ్యి దాకా వెళ్లాల్సిన పని లేకుండా పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు.

ఎదురుగోడకి ఆనుకుని తుంగా కూర్చుని ఉంది. యూనివర్సిటీలో చదువుతున్న పిల్ల, తమ్ముణ్ణి తీసుకుని వచ్చింది. ఆమె చూపు ఖండా చేతుల మీద ఆగింది. గోళ్ల చుట్టూ, వేళ్ల మడతల్లో అదే నలుపు.

"ఖండా అక్కా, నువ్వా బాయిలర్లోనే గదా పార పట్టేది? ఏం వేస్తున్నారక్కా అందులో?"

ఖండా చేతులు పిల్ల దుప్పటి కిందికి తోసేసింది. కానీ దాచుకోవడానికి ఇంకేం మిగిలింది?

"టైర్లు," అంది. "పైపైన నాలుగు పారల బొగ్గుపొడి. అడుగున అంతా పాత టైర్లే."

నడవాలో గోల లేచింది. ఒకామె లేచి ఖండా మీదికి వచ్చింది. "నీ కూతురూ అదే బాలవాడిలో ఉంది గదే! పొద్దున దాన్ని దింపి, ఎదురు షెడ్డులోకెళ్లి టైర్లు తోస్తావా? నీకు చేతులెట్టా ఆడాయే?"

"తొయ్యకపోతే ఏమైద్దో చెప్పు!" ఖండా కూడా అరిచింది. "గొంచిగ్ కాంట్రాక్టరు బొగ్గు పంపడు. టైర్లే పంపుతాడు. మంట ఆపితే ఈ గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి. మీ పిల్లలు పడుకునుంది ఆ మంట మీదే!"

కిటికీ కింద ఇనుప గొట్టాల హీటరు ఉంది. దాని మీద తల్లులంతా పిల్లల తడి చేతితొడుగులు ఆరేసుకున్నారు. ఒకామె విసురుగా లేచి తన పిల్లాడి తొడుగులు లాగేసుకుంది. కాసేపు వాటిని చేతిలో పట్టుకుని నిలబడింది. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. ఏం చేస్తుంది పాపం, మళ్లీ తీసుకెళ్లి అక్కడే ఆరేసింది.

పగ్మా అవ్వ మాత్రం అరవలేదు. "పొయ్యిలో ఉల్లిపొట్టు పడేస్తే మా అమ్మ చెయ్యి విరగ్గొట్టేది," అంది. "నిప్పంటే తల్లి. తల్లి నోట్లో టైర్లు కుక్కావా నువ్వు? ఇక మనింటి పొయ్యి నువ్వు ముట్టకు. నేనే వెలిగించుకుంటా." నడవాలో పడ్డ తిట్లన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. ఖండా తల దించుకుంది.

* * *

మర్నాడు నీళ్ల కొట్టు దగ్గర వాలు వాలంతా పోగైంది. చక్రాల బళ్ల మీద నీళ్ల డబ్బాలు పెట్టుకుని రోజూ ఎలాగూ వరస కట్టాల్సిందే. ఆ వరసే సభ అయింది. పీల్చిన గాలి ముక్కులోనే గడ్డకట్టే చలి. నిలబడి మాట్లాడే వాళ్లంతా కాళ్లు కొట్టుకుంటున్నారు.

"బాయిలర్ ఆపేద్దాం!" అన్నారు కుర్రాళ్లు.

"ఆపండి," అన్నాడు దోర్లిగ్. ఖండాతో కలిసి పార పట్టే ముసలాయన, ఎప్పుడూ ఎవరి మాటా ఒప్పుకోని మనిషి. "పొద్దున ఆపితే మాపటికి గొట్టాలు పగుల్తాయి. వార్డు మంచుగడ్డ అవుద్ది. గొంచిగ్ గాడి పిల్లలు ఉంటారా అక్కడ? మన పిల్లలే. ఎవర్ని బెదిరిస్తున్నాం మనం?"

"అయితే నోర్మూసుకుని చద్దామా మామా?"

"నేనన్నానా చద్దామని? మీరు చెప్పేది కుదరదంటున్నా."

ఈ గొడవ సాగుతుండగానే గొంచిగ్ పెద్ద కారు వచ్చి ఆగింది. వాడు కిందికి దిగలేదు. వెచ్చటి కారులోంచి అద్దం సగం దించాడు, అంతే.

"ఏందీ సంత?" అన్నాడు నవ్వుతూ. "నా బాయిలర్ ఆపుతారంటగా? ఆపండి. తాళంచెవి కావాలంటే నేనే ఇస్తా. మీ పిల్లల వార్డుకి వేడి ఇచ్చేది ఎవరనుకున్నారు? నేను. ఇంకో మాట చెప్తా వినండి. నాది ఒక్క పొగగొట్టం. ఈ కొండ మీద మీవి ఎన్ని గొట్టాలు? లెక్కపెట్టుకోండి. మీ పొగే మీ పిల్లల్ని తింటోంది."

అందులో సగం నిజం ఉంది. దోపిడీ చేసేవాడు ఎప్పుడూ సగం నిజం జేబులో పెట్టుకునే తిరుగుతాడు. ప్రతి గుడారం లోనూ పొయ్యి ఉంది. ప్రతి పొయ్యిలోనూ బొగ్గే.

తుంగా ముందుకొచ్చింది. "మా పొగ కూడా తింటోంది. కాదన్లా. పశువులు చచ్చి, గడ్డి పోయి, మేమంతా ఈ కొండెక్కితే మాకు కరెంటిచ్చారా? వేడినీళ్ల గొట్టం ఇచ్చారా? మేం చలికి చావలేక కాలుస్తున్నాం. నువ్వు సర్కారు దగ్గర మంచి బొగ్గు కొంటానని డబ్బు తీసుకుని టైర్లు కాలుస్తున్నావు. రెండూ ఒకటేనా?"

"చదువుకునే పిల్లవి, చదువుకో," అని గొంచిగ్ అద్దం ఎత్తేశాడు. కారు తిప్పుకుని వెళ్తుంటే దాని వెనక పొగ వరసలో నిలబడ్డ వాళ్ల మొహాల మీద పడింది.

ఆపితే చలి చంపుతుంది, ఆపకపోతే పొగ చంపుతుంది. వాడి ధైర్యమంతా అదే. అప్పుడు ఖండా నోరు విప్పింది. నిన్నటి నుంచి ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు. అయినా విప్పింది.

"మంట ఆపొద్దు. టైర్లు ఆపుదాం. గేటు దగ్గర అడ్డం కూర్చుని టైర్ల బళ్లు వెనక్కి పంపిద్దాం. మంచి బొగ్గు వచ్చేదాకా లోపల మంట నేను నిలబెడతా. మీరు బొగ్గివ్వండి. మీ ఇళ్లలో ఉన్నది."

"మా ఇళ్లలోదా? చలికాలం మొత్తానికి దాచుకున్నది నీకిచ్చి మేమేం కాల్చుకోవాలే?"

"నాలుగిళ్లోళ్లు ఒక గుడారంలో పడుకోండి. నాలుగు పొయ్యిలు ఒక పొయ్యి అవుద్ది."

"మా ఆడబిడ్డతో ఒక గుడారంలోనా!" అందొకామె. అంత చలిలోనూ నవ్వు పుట్టింది. నవ్వినందుకు దగ్గొచ్చింది అందరికీ.

"ఎన్నాళ్లొస్తది ఆ బొగ్గు?" దోర్లిగ్ ఊరుకోలేదు. "కొద్ది రోజులు. ఆ తర్వాత? మనకీ ఉండదు, వార్డుకీ ఉండదు. ఇది పోరాటం కాదే, ఆత్మహత్య."

పగ్మా అవ్వ తన నీళ్ల డబ్బా బండి మీంచి కిందికి దించింది. "ఆ తర్వాత సంగతి ఆ తర్వాత," అంటూ ఖాళీ బండి ఇంటివైపు తోసుకుంటూ వెళ్లింది. కాసేపటికి దాని మీద బొగ్గు బస్తా వేసుకుని తిరిగొచ్చి, ఎవరి వంకా చూడకుండా బాయిలర్ వైపు ఎక్కడం మొదలుపెట్టింది. ముసల్ది ఎక్కుతుంటే ఎంతసేపు చూస్తూ నిలబడతారు? ఒక్కొక్కరే ఇళ్లకి కదిలారు.

సాయంత్రానికి ఆ వాలు మీద కిందినుంచి పైదాకా మనుషులు వరస కట్టారు. బస్తా ఒక చేతి నుంచి ఇంకో చేతికి పాకుతూ పైకి పోతోంది. బడిపంతులమ్మ ఉంది, కసాయి ఉన్నాడు, పక్షానికోసారి తాగి పెళ్లాన్ని కొట్టేవాడూ ఉన్నాడు. మోయలేని వాళ్లు గేటు ముందు నెగడు వేసుకుని కూర్చున్నారు. టైర్ల లారీ వచ్చి, హారన్ కొట్టి కొట్టి, వెనక్కి పోయింది. దోర్లిగ్ లోపల పార పడుతూ, "పిచ్చోళ్లు, పిచ్చోళ్లు," అంటూనే ఉన్నాడు. అంటూనే ఒక్క బొగ్గు పలుకు కూడా కింద పడకుండా వేశాడు.

* * *

పొగగొట్టంలోంచి వచ్చే పొగ నలుపు నుంచి బూడిద రంగుకి మారింది. అంతకంటే మార్పేమీ రాలేదు. పత్రికల వాళ్లు ఒకసారి వచ్చి ఫోటోలు తీసుకున్నారు. పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చి, మంచి బొగ్గు సంగతి పరిశీలనలో ఉందని చెప్పి, చలికి తట్టుకోలేక మాట పూర్తి కాకుండానే కారెక్కాడు.

వార్డు వెచ్చగానే ఉంది. ఖండా పార దించినప్పుడల్లా పరిగెత్తుకుంటూ కూతురి దగ్గరికి వచ్చేది. ఎనెబిష్ కళ్లు తెరిచి చూసేది. ఒకసారి ఉప్పేసి కాచే పాలటీ అడిగింది. ఉప్పు తక్కువైందని మొహం చిట్లించింది. ఆ చిట్లింపు చూసి ఖండా లోకమంతా గెలిచినట్టు దోర్లిగ్‌కి చెప్పుకుంది.

"ఇప్పుడు గాలి బాగుపడితే దీనికి నయమైపోతది గదా డాక్టరమ్మా?"

చిమ్గే ఆమె చెయ్యి పట్టుకుంది. "గాలి బాగుపడితే తర్వాత పుట్టే పిల్లలకి మంచిది. దీని ఊపిరితిత్తులు ఆ మసి ఎప్పుడో తాగేశాయి ఖండా. నేను అబద్ధం చెప్పలేను."

ఎనెబిష్ పట్టపగలు, ఎండ కిటికీలోంచి పరుపు మీద పడుతున్నప్పుడు పోయింది. ఆ ఎండ కూడా మసకమసకగానే ఉంది. ఖండా ఆ సమయానికి బాయిలర్ దగ్గర ఉంది. కూతురి గది చల్లబడకూడదని పార పడుతోంది. కబురు తెచ్చిన తుంగా షెడ్డు గుమ్మంలో నిలబడిపోయింది. ఖండా ఆమెను చూసింది. చేతిలో ఉన్న పారనిండా బొగ్గు మంటలో వేసి, పొయ్యి తలుపు మూసి, అప్పుడు కూలబడింది.

"ఏడవకే," అంది పగ్మా అవ్వ వార్డులో. "మన కన్నీళ్లు దాని దారికి అడ్డంగా ఏరై పారతాయంట. పసిది, దాటలేదు." పిల్ల దుప్పటి సర్ది, "ఇది కాదు, ఇది కాదు అని నాలుగేళ్లు చెప్పా," అంది. "వినలేదు."

పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టింది ఖండా. ముక్కు మీది మసిగీత అలాగే ఉంది. హీటరు మీద ఎవరివో చిన్న తొడుగులు ఆరుతున్నాయి. గది వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనాన్ని ఆమె భరించలేకపోయింది.

పిల్లని సాగనంపి వచ్చాక ఆమె ఇంటికి వెళ్లలేదు. తిన్నగా గేటు దగ్గరికి వచ్చి, నెగడు ముందు కూర్చుంది. పక్కన ఉన్నామె జరిగి చోటిచ్చింది. మొదటిరోజు నడవాలో మీదికొచ్చింది ఆమే.

బొగ్గు అయిపోతోంది. దోర్లిగ్ చెప్పింది అక్షరాలా నిజమైంది. బస్తాలు దులిపి దులిపి తెస్తున్నారు. ఒక గుడారంలో ఇరవై మంది నిద్రపోతున్నారు, ఒకరి దగ్గు ఇంకొకరు పంచుకుంటూ. ఒక ముసలాయన చలికి పోయాడు. కొందరు గేటు దగ్గరికి రావడం మానేశారు. వాళ్లని తిట్టడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు.

చివరి బస్తా పైకి వెళ్లిన పొద్దునే పోలీసులు వచ్చారు. వాళ్ల జీపుల వెనక టైర్ల లారీలు. ఆ వెనక గొంచిగ్ కారు. ఆ రోజు పొగ ఎంత దట్టంగా ఉందంటే జీపుల దీపాలు దగ్గరికి వచ్చేదాకా కనిపించలేదు.

"ఆసుపత్రికి ఇంధనం అందకుండా చేసి పిల్లల ప్రాణాలు తీస్తున్నారని మీ మీద కేసు," అన్నాడు సార్జెంటు. "పార పట్టే ఖండా ఎవరు?"

పిల్లల ప్రాణాలు తీస్తున్నారని! కూతుర్ని పూడ్చి వచ్చిన తల్లితో ఆ మాటన్నాడు. ఖండా లేచి నిలబడింది.

"మీ దగ్గర బొగ్గుందా ఇంకా?" కారు అద్దం సగం దించి అడిగాడు గొంచిగ్. "లేదు గదా? మరి జరగండి. మాపటికి వార్డు గడ్డకట్టుద్ది. నాకున్న జాలి కూడా లేదేందే మీకు!"

అప్పుడు పగ్మా అవ్వ కదిలింది. షెడ్డు గోడ దగ్గరికి వెళ్లి వేలు రాసింది. తిరిగొచ్చి, పోలీసుల మధ్య నిలబడ్డ కోడలి ముక్కు మీద నిలువుగా గీత గీసింది. చీకట్లోకి పోయే పసిపిల్లకి గీసినట్టే.

"పోయి రా తల్లీ," అంది. పొయ్యి ముట్టుకోవద్దన్న రోజు నుంచి ఆమె కోడల్ని తల్లీ అనలేదు. "వచ్చాక మనింటి పొయ్యి నువ్వే వెలిగించు."

సార్జెంటు ఖండా రెక్క పట్టుకున్నాడు. ఇంతలో తుంగా వచ్చి అవ్వ ముందు తల వంచింది. అవ్వ ఆమెకీ గీసింది. తర్వాత నెగడు దగ్గరి ఆమె. తర్వాత బడిపంతులమ్మ. గోడ మీద మసికి కరువా? ఎవరికి వాళ్లే వేలు రాసుకుని గీసుకున్నారు. గీసుకున్న వాళ్లంతా వెళ్లి లారీ ముందు నిలబడ్డారు.

"బొగ్గు లేదని చెప్తున్నా గదరా!" గొంచిగ్ అరిచాడు. "దేంతో కాలుస్తారు?"

ఆ పొగలో ఎక్కడో కింద, చెక్క లోంచి మేకు ఊడే కీచుమనే చప్పుడు వినిపించింది. ఒకటి. తర్వాత ఇంకో ఇంటి దగ్గర. తర్వాత వాలంతా.

ఖండాని జీపులోకి ఎక్కించారు. పక్కన కూర్చున్న పోలీసు కుర్రాడు ఆమెకో గుడ్డ ఇచ్చాడు. "తుడుచుకో అక్కా, స్టేషన్లో ఫోటో తీస్తారు."

"తుడిస్తే పోదు తమ్ముడూ," అంది ఖండా. "మీ ఇల్లెక్కడ?"

వాడు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. జీపు వాలు దిగుతోంది. దారికి రెండు పక్కలా కంచెలు లేవు. కొండెక్కి వచ్చిన ప్రతి కుటుంబమూ ఇది నా చోటు అని చెప్పుకోవడానికి ముందు వేసుకున్న చెక్కల కంచె, గుడారం కంటే ముందు వేసుకున్న కంచె. వాటిని మనుషులు పలకా పలకా ఊడదీసి వీపున వేసుకుని, వరసగా పైకి మోస్తున్నారు. ఇది నీ వాకిలి, అది నా వాకిలి అని చెప్పడానికి అక్కడ ఇంకేం మిగల్లేదు.

"అవి ఎన్నాళ్లు మండుతాయక్కా?" అన్నాడు కుర్రాడు నెమ్మదిగా.

ఖండా కిటికీలోంచి చూస్తోంది. ఎదురుగా దోర్లిగ్ వస్తున్నాడు. తన ఇంటి గేటు మొత్తం ఊడదీసి, గొళ్లెంతో సహా, వీపున మోస్తూ, వంగి ఎక్కుతున్నాడు. ముక్కు మీద నల్లగీత. జీపు పక్కనుంచి పోతుంటే ఆయన తలెత్తలేదు. "పిచ్చోళ్లు," అంటున్నాడు, "పిచ్చోళ్లు," అంటూ ఎక్కుతూనే ఉన్నాడు.